తుడిచి పట్టే పట్కారు

నోట్‌బుక్ చివరి పేజీలో కుమారస్వామి ఏడు పేర్లు రాశాడు. ప్రతి పేరు పక్కన నెల, గుర్తున్నచోట తారీకు. ఏడో పేరు తర్వాత చాలాసేపు ఆలోచించాడు. ఇంకెవరూ గుర్తుకు రాలేదు. కింద గీత గీసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఏదో వదిలేశానన్న గుబులు మాత్రం పోలేదు.

ఆ పేర్లు రాయమన్నది నిరోషా. వికారాబాద్ అమ్మాయి. ఇంజనీరింగ్ చదివి, పేటెంట్ ఏజెంటు పరీక్ష పాసై, హైదరాబాద్‌లో పనిచేస్తోంది. శని, ఆదివారాలు ఇంటికి వస్తుంది. కుమారస్వామి ఫిట్టర్‌గా ఉన్న తాండూరు బండల పాలిషింగ్ యూనిట్‌లో గుమాస్తా వెంకటయ్య ఆమెకు మేనమామ. ఆయనే ఇద్దరినీ ఫోన్‌లో కలిపాడు.

"మీ పట్కారును ఇప్పటిదాక ఎవరెవరు చూసిన్రో రాసుకొని రాండ్రి అన్నా," అందామె. "ఎప్పుడు, ఎక్కడ, అన్నీ. ఒక్కటి కూడ ఇడువకున్రి."

శనివారం పొద్దున తాండూరు స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు ఆ పట్కారు గోనెసంచిలో ఉంది. పన్నెండు కిలోలు. కుమారస్వామికి రెండేళ్లుగా నడుము నొప్పి. సంచి మరో చెవి పట్టుకోవడానికి భార్య మహేశ్వరి వచ్చింది. ఆమె రాకకు అంతకుమించి కారణం ఉందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

సంచిని సీటు కిందికి తోసి, ముందు కాళ్లు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న ముసలాయన సంచివైపు చూశాడు.

"ఏముంది బిడ్డా అండ్ల? గంత పదిలంగ పెట్టుకున్నరు?"

మహేశ్వరి నోరు తెరిచేలోపే కుమారస్వామి, "ఇనుప సామాను తాతా, తూకానికి," అన్నాడు.

ముసలాయన తలాడించాడు. మహేశ్వరి కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంది.

పాలిషింగ్ యూనిట్లో ఆ వస్తువుకు పట్కారు అని పేరు పెట్టింది ఆడవాళ్లే. పొయ్యి మీది గిన్నెను దించే పట్కారులాగే ఉంటుంది, కాకపోతే నడుమంత ఎత్తు. పైన రింగు. రింగును చైన్ పుల్లీకి తగిలిస్తే కింద రెండు ఇనుప చేతులు బండను అటూ ఇటూ పట్టుకుంటాయి. బండ ఎంత బరువుంటే అంత గట్టిగా బిగుసుకుంటాయి.

అది చేయాలన్న ఆలోచన అతనికి నాలుగేళ్ల కిందట వచ్చింది. పాలిష్ అయిన బండలను కడిగి, ఎత్తి, స్టాండుకు ఆనించడం యూనిట్లో ఆడవాళ్ల పని. ఆ రోజు మహేశ్వరి, జంగమ్మ కలిసి మూడడుగుల బండను ఎత్తుతుంటే జంగమ్మ చేతిలోంచి జారింది. మహేశ్వరి కుడిచేతి నడిమి వేలు బండ కింద నలిగింది. వేలు దక్కింది, కొస చదునైపోయింది. గోరు మళ్లీ రాలేదు. ఆమె నెల తర్వాత పనికొచ్చింది. అతను ఆ వేలును చూసినప్పుడల్లా చూపు తిప్పుకునేవాడు. కొన్నాళ్లకు, పనయ్యాక యూనిట్ వెనక మిగిలిన ఇనుప ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

అంతకు ముందు కూడా అతను ఒకటి చేశాడు. తండ్రి బీరప్ప బషీరాబాద్ దగ్గరి గనుల్లో రాయి కొట్టి బతికినవాడు. కొడుకు పదో తరగతి తర్వాత తాండూరులో వెల్డింగ్ షాపులో చేరి, అక్కణ్నుంచి యూనిట్లకు వచ్చాడు. పదిహేనేళ్ల కిందట, పాలిష్ మిషన్ తల చుట్టూ నీళ్లు చిమ్మకుండా ఒక రేకు డొప్ప వంచి, దాని అంచుకు బ్రష్ వెంట్రుకలు బిగించాడు. ఏడాది తిరిగేసరికి ఊళ్లోని చాలా యూనిట్లలో అదే డొప్ప. ఒకసారి హార్డ్‌వేర్ షాపులో అమ్మకానికి వేలాడదీసి ఉండటం చూసి ఆగాడు.

"ఇది నేను చేసిందే," అన్నాడు షాపాయనతో.

"అట్లనా. మంచిగ చేసినవ్," అన్నాడు షాపాయన, పక్కనున్న మనిషికి మేకులు తూస్తూ.

అంతే. అతన్ని ఎవరూ మోసం చేయలేదు, దొంగతనమూ జరగలేదు. కానీ ఆ తర్వాత ఏ యూనిట్‌కు రిపేరుకు వెళ్లినా ఆ డొప్ప ముందు ఒక నిమిషం నిలబడేవాడు. ఈసారి అట్లా కాకూడదు. ఇది కుమారస్వామి చేసిందని ఒక కాగితం మీద ఉండాలి. అతను కోరుకున్నది అదొక్కటే. ఎవరికీ పైకి చెప్పలేదు గానీ మహేశ్వరికి తెలుసు.

రైలు రుక్మాపూర్ దాటింది. "సదువు, నేనింట," అంది మహేశ్వరి.

అతను నోట్‌బుక్ తీసి గొంతు తగ్గించి చదివాడు. యూనిట్ ఓనరు మహిధర్ సారు. గుమాస్తా వెంకటయ్య. చైన్ పుల్లీ నడిపే నర్సింహులు. మహేశ్వరి. జంగమ్మ. రింగు చేసిచ్చిన లేత్ షాపాయన. నాయిన.

"దసరా రాయలేదా?"

"దసరాకేముంది?"

"పూజల పెట్టినవ్ గద."

"అది అమ్మవారి ముందర పెట్టింది. మందికి చూపిచ్చుడు కాదు."

"మరి మంది చూడలేదా?"

కుమారస్వామి నోట్‌బుక్ మూశాడు.

దసరా రోజు యూనిట్లో మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కడతారు. చేతి పనిముట్లన్నీ అమ్మవారి పటం ముందు చెక్క మీద పేరుస్తారు. సుత్తె నుంచి కొలత టేపు దాకా ఒక్కటీ మిగలకూడదు. పూజలో పెట్టని పనిముట్టును మళ్లీ దసరా వచ్చేదాకా ముట్టుకోవడానికి పనివాళ్లు జంకుతారు. ఎవరికి ఏ దెబ్బ తగిలినా, దసరాకు పెట్టలేదు కాబట్టేనంటారు. అందుకే కుమారస్వామి పట్కారును కడిగి, బొట్లు పెట్టి, చెక్క మధ్యలో నిలబెట్టాడు. నోట్‌బుక్ ముందేసుకుని చూసినవాళ్లను లెక్కపెట్టినప్పుడు ఆ రోజు అతనికి తట్టనే లేదు. అమ్మవారికి చూపించినదాన్ని మనుషుల లెక్కలోకి ఎట్లా తీసుకుంటాడు?

కానీ ఆ రోజు డీలర్లు వచ్చారు. లారీలవాళ్లు వచ్చారు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఇద్దరు కన్నడంలో ఏదో మాట్లాడుకుంటూ పట్కారు చేతులను పైకీ కిందికీ ఆడించి చూశారు. మహిధర్ సారు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. ఆ సాయంత్రమే ఫోటోలు యూనిట్ ఫేస్‌బుక్ పేజీలో పడ్డాయి.

అది గుర్తుకొచ్చాక కుమారస్వామి వీపు సీటుకు ఆనలేదు. ఆ ఫోటో అతను చూశాడు. చూసి సంతోషపడి, బొంరాస్‌పేటలో ఉన్న బామ్మర్దికి తనే పంపాడు.

"చెప్పకుంటె ఏమైతది?" అన్నాడు ధారూర్ దాటాక.

"నాకేం తెలుసు. ఆ పిల్లకు తెలుసు."

"అడిగితెనే చెప్దాం."

"అడిగింది గద ఫోన్‌ల."

అతను సంచిని కాళ్లతో ఇంకొంచెం లోపలికి తోశాడు. వికారాబాద్‌లో దిగి, సంచిని చెరో చెవి పట్టుకుని మెట్లెక్కుతున్నప్పుడు కూడా ఒకటే లెక్క వేసుకున్నాడు. దసరా నుంచి ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. పేజీలో దాని తర్వాత ఎన్ని ఫోటోలు పడి ఉంటాయో. ఎవరు వెనక్కి వెళ్లి చూస్తారు?

నిరోషా వాళ్ల ఇల్లు స్టేషన్‌కు నడిచే దూరంలోనే ఉంది. ముందు గదిలో చర్చి క్యాలెండరు, కుట్టుమిషన్, దాని మీదే ల్యాప్‌టాప్. ఆమె వయసు ముప్పై లోపే ఉంటుంది. టీ ఇచ్చి, వాళ్లు తాగేదాకా ఏమీ అడగలేదు. ఆ నిదానమే కుమారస్వామికి భయం పుట్టించింది.

"ముందు నాకు చూపియ్యిన్రి," అంది.

పెరట్లో, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన రెండడుగుల బండలు గోడకు ఆనించి ఉన్నాయి. మహేశ్వరి ఒక బండ మీద సబ్బునీళ్లు, మట్టి కలిపి పూసింది. యూనిట్లో పాలిష్ అయిన బండ మీద ఉండే రాతిబురద అంత జారుడుగా ఉండదు గానీ, దగ్గరగా ఉంటుంది. పుల్లీ లేదు కాబట్టి రింగులోంచి కర్ర దూర్చి భార్యాభర్తలు చెరో కొస పట్టుకున్నారు. పట్కారు చేతులు బండ మీదికి దిగాయి. ఎత్తగానే బండ మీద ఒక అంగుళం పైకి జారాయి. జారేటప్పుడు రబ్బరు పట్టీ ఒకటి బండను తుడిచింది. తర్వాత చేతులు బిగుసుకున్నాయి. బండ లేచింది.

"మళ్లొకసారి," అంది నిరోషా, నేల మీద కూర్చుని.

మూడుసార్లు ఎత్తారు. ఆమె ఫోన్‌లో వీడియో తీసుకుంది. ఆ తుడిచే పట్టీని వేలితో తాకి, "దీన్నేమంటరు?" అని అడిగింది.

"నాలుక," అంది మహేశ్వరి.

"పెట్టేటప్పుడు మంచి పేరే పెట్టిన్రు."

లోపలికి వచ్చాక కుమారస్వామి నోట్‌బుక్ ఇచ్చాడు. నిరోషా ఏడు పేర్లూ చదివింది.

"యూనిట్‌ల పనిజేసేటోళ్లు చూసిన్రు, సరే. అది పరీక్ష కోసం చేసింది. బండలు లేనికాడ పరీక్ష చెయ్యలేరు గద. ఏడాది లోపలైతె, పరీక్ష మటుకే అయితె, చట్టం కొంచెం ఒప్పుకుంటది. ఇంకెక్కడన్న పెట్టిన్రా? ఎగ్జిబిషన్, వీడియో, పేపరు?"

"లేదు మేడం."

మహేశ్వరి తన చదును వేలిని రెండో చేత్తో నొక్కుకుంటూ కూర్చుంది.

నిరోషా ల్యాప్‌టాప్ తెరిచి, టైపు చేయకుండా మాట్లాడింది. "నేను ఇన్నిసార్లు అడుగుతున్నది మిమ్మల్ని పరేషాన్ చెయ్యనీకి కాదన్నా. పేటెంట్ అంటె ఒక మాట. మీరు కొత్తదేదో చేసిన్రు, అది ఎట్ల చెయ్యాల్నో లోకానికంత విప్పి చెప్తరు. దానికి బదులు సర్కారు, ఇరవై ఏండ్లు ఇది వీళ్లను అడగకుండ ఇంకెవరు చెయ్యొద్దు, అమ్మొద్దు అంటది. లోకానికి ముందే తెలిసినదైతె సర్కారు ఎందుకిస్తది?"

"అందరికి తెల్వది గద మేడం. తాండూరుల నలుగురికి తెలుస్తది."

"నలుగురు చాలు. ఎవరైన చూడగలిగే చోట ఉంటె చాలు. ఇంకొకటి, ఇచ్చినంక కూడ గొడవ తీరదు. రేపు ఎవరో దీన్ని కాపీ కొట్టిన్రనుకో. మీరు నోటీసు పంపిస్తరు. వాళ్లు ఒక పాత ఫోటో పట్టుకొచ్చి, ఇగో, ఇది అప్పటికే బయట ఉన్నది అంటె, మీ పేటెంట్ కొట్టేస్తరు. అప్పటిదాక పెట్టిన ఏండ్లన్ని పోతయ్."

ఫోటో అన్న మాట వినగానే కుమారస్వామి తలెత్తి ఆమెను చూశాడు. ఈ అమ్మాయికి ముందే తెలుసా? వెంకటయ్య చెప్పాడా? ఆమె ముఖంలో అలాంటిదేమీ లేదు. టీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"దసరాకు పూజల పెట్టిన," అన్నాడు. "సారు ఫోటో దీసి ఫేస్‌బుక్‌ల ఏసిండు."

నిరోషా గ్లాసులు కింద పెట్టింది.

"ఇప్పుడు తీసెయ్యమంటె తీసేస్తడు. మంచోడే. నేను చెప్త."

"తీసెయ్యనియ్యకున్రి. ఒకసారి బయటపడ్డది పడ్డట్టే. తీసేస్తె దాచినట్టయితది, అంతకన్న ఏం ఉండదు. నాకు ఆ ఫోటో కావాలె."

ఆమె ఇంట్లో సిగ్నల్ సరిగా లేదు. కుమారస్వామి పెరట్లోకి వెళ్లి వెంకటయ్యకు ఫోన్ చేశాడు.

"దసరా ఫోటోలా? ఇప్పుడెందుకు? నీ బొట్టు మంచిగ పడలేదా?" అన్నాడు వెంకటయ్య.

"జర తొందరగ పంపు మామా."

"పంపుత, పంపుత. మా మేనకోడలు ఏమన్నది? ఇస్తదటనా నీకు పేటెంట్?"

"ఆమె ఇచ్చేది కాదు మామా. పంపు నువ్వు."

ఫోటోలు రావడానికి పదినిమిషాలు పట్టింది. ఆ పదినిమిషాలూ అతను పెరట్లోనే ఉన్నాడు. బండ మీది సబ్బునీళ్లు ఎండి తెల్లటి చారలు కట్టాయి. డొప్ప గుర్తుకొచ్చింది. అప్పుడు తెలియక పోయింది. ఇప్పుడు తెలిసి తెలిసి తనే బొట్లు పెట్టి, చెక్క మీద నిలబెట్టి, బామ్మర్దికి పంపి మరీ పోగొట్టుకున్నాడు.

మూడు ఫోటోలు. నిరోషా వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, మధ్యదాన్ని పెద్దది చేసింది. పట్కారు నిండుగా కనిపిస్తోంది. రింగు, చేతులు, కీలు, కీలుకు వేసిన రెండు బోల్టులు. దానికి వేసిన పూలదండ రింగు కింద మెడ దగ్గరే ఉంది, దేన్నీ కప్పలేదు. పని తెలిసినవాడు ఆ ఒక్క ఫోటో చూసి చేసేయగలడు.

"ఈ చేతులు పోయినట్టే అన్నా," అందామె. మెత్తగానే అంది. "ఈ కీలు, అవి బిగుసుకునే తీరు. వీటిమీద మనం హక్కు అడగలేం."

నాలుగేళ్లు, అనుకున్నాడు కుమారస్వామి. కీలు ఎక్కడ పెడితే బండ అంచు పెచ్చు లేవకుండా ఉంటుందో తెలియడానికే రెండేళ్లు పట్టింది.

నిరోషా ఇంకా తెర మీదికి వంగి చూస్తోంది. ఫోటోను మరింత పెద్దది చేసి చేతుల కొసల దగ్గర ఆపింది.

"నాలుక ఏది?"

మహేశ్వరి లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూసింది. "అప్పటికి లేదు. సైకిల్ ట్యూబ్ రబ్బరు ఒక్కటే ఉండె. నాలుక కార్తీకం పోయినంక పెట్టిండు."

"ఎందుకు పెట్టిన్రు?"

"బండ జారింది. తడి బండ. నా కాలికి గింత దూరంల పడి పలిగింది." ఆమె బెత్తెడు చూపించింది.

నిరోషా కుర్చీ వెనక్కి జరుపుకుని మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలింది. "అయితె అంత పోలేదు. ఇట్ల తుడిచి పట్టేది నేను రెండు వారాలసంది వెతికిన. వేరే దేశాలయి కూడ చూసిన. నాకు దొరకలే. దొరకలేదంటె లేదని కాదు, నాకు దొరకలే."

"మరి మేము మొదలునుంచి తుడుస్తం గద మేడం," అంది మహేశ్వరి. "గోనె ముక్కతోని అంచు తుడిచినంకనే బండ ఎత్తుతం. మా అత్త కూడ గట్లనే ఎత్తేది. అది కొత్తదెట్లయితది?"

"చేత్తోని తుడుసుడు కొత్తది కాదు. దానిమీద ఎవరికి పేటెంట్ రాదు, రావొద్దు కూడ. మీ దిక్కు కంది చేన్లల్ల కొమ్మలు బాగ రావాలని తలలు తుంచుతరు గద. ఆ తుంచే పద్ధతి సాగు పద్ధతి, దానికి చట్టం ఇయ్యదు. తుంచే మిషన్ కొత్తది చేస్తె, దాన్ని అడగొచ్చు. ఇది గంతే. తుడవాలన్న ఆలోచన ఒక్కటి ఉంటె సరిపోదు. బరువు పడంగనే దానంతటదే తుడిచి, తుడిచిన జాగలనే పట్టే వస్తువు ఉన్నది చూడు, అది అడుగుతం." ఆమె కుమారస్వామి వైపు తిరిగింది. "కానీ ఇంకొకటి చూస్తరు. కొత్తదైతె చాలదు. ఈ పని తెలిసిన మనిషికి ఎవరికైన ఇట్టె తట్టేదైతె ఇయ్యరు. ఒక మంచి ఫిట్టర్ ఉన్నడనుకో. బండ జారుతున్నదని చెప్తె ఆయనకు ఈ నాలుక వెంటనే తట్టదా? ఏమంటరు?"

"తట్టదు," అన్నాడు కుమారస్వామి వెంటనే. తన పనికి సంబంధించిన ప్రశ్న అది. "ఇంకింత గట్టిగ బిగియ్యాలె, గరుకు రబ్బరు పెట్టాలె అనుకుంటడు. నేను రబ్బరు నాలుగు తీర్లు మార్చిన. స్ప్రింగు మార్చిన. ఇరవై ఐదేండ్లసంది చేస్తున్న ఫిట్టర్‌ను. నాకే తట్టలే."

ఆ మాట అతని నోటి నుంచి వచ్చేసింది.

"మరి ఎవరికి తట్టింది?" అని అడిగింది నిరోషా.

బండ పగిలిన రోజు సాయంత్రం మహేశ్వరి నల్లా దగ్గర బిందె కడుగుతూ, దాని మెడ తుడిచి పట్టుకుంటూ అన్నది: మేము ముందు తుడుస్తం, తర్వాత పడ్తం, నీ పట్కారుకు తుడుసుడు రాదు, గందుకే జారుతది. అతనికి ఆ పూట కోపం వచ్చింది. రెండు వారాల తర్వాత లారీ వైపర్ రబ్బరు తెచ్చి కోశాడు. ఆ పట్టీ ముందు దిగి, తర్వాత వెనక్కి మడుచుకునేలా స్ప్రింగు కుదర్చడానికి ఇంకో నెల పట్టింది. అది పని చేసిన రోజు అందరికీ, నాకు తట్టింది అని చెప్పాడు. కావాలని అబద్ధమాడలేదు. చెప్పేనాటికి అతను అట్లాగే నమ్ముతున్నాడు. మహేశ్వరి పక్కనే ఉంది. ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

"ఆమెకు," అన్నాడు కుమారస్వామి.

"నేనేం చేసిన," అంది మహేశ్వరి. "ఊకె అన్న మాట. చేసింది నువ్వేనాయె."

"ఆ మాట లేకుంటె చేసేటోన్నా?"

నిరోషా ఇద్దరినీ చూసింది. "ఇది మొహమాటాలకు పోయే సంగతి కాదు. ఫారంల ఒక గడి ఉంటది, నిజమైన మొదటి ఆవిష్కర్త ఎవరని. ఆలోచన ఎవరిదో, దాన్ని పనిచేసేటట్టు చేసింది ఎవరో వాళ్లు అండ్ల ఉండాలె. ఉన్నోళ్లను ఇడిచిపెట్టినా, లేనోళ్లను చేర్చినా రేపు కష్టమైతది. అన్నా, స్ప్రింగు కుదిర్చింది మీరే గద?"

"నేనే."

"అయితె ఇద్దరు. ఎట్ల రాయమంటరు?"

కుమారస్వామి చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తన పేరొక్కటే ఉన్న కాగితాన్ని అతను ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. దాంట్లో చేతులు ఉండేవి, కీలు ఉండేది. ఇప్పుడు అవేవీ లేవు. అతనికి మిగిలింది ఒక రబ్బరు నాలుక, దాని వెనక స్ప్రింగు.

"ఎట్ల తట్టిందో అట్లనే రాయున్రి," అన్నాడు.

మధ్యాహ్నం దాకా రాసింది నిరోషా. బొమ్మలు గీసి అతనికి చూపించి, తప్పులు దిద్దుకుంది. ఇప్పుడు పెట్టేది తాత్కాలికపు అర్జీ అనీ, అది పెట్టిన తారీకు మనదైపోతుందనీ, ఆ తర్వాత ఎవరు చూసినా ఇబ్బంది లేదనీ, ఏడాది లోపల పూర్తి వివరం ఇవ్వాలనీ చెప్పింది. ఆ తర్వాత పరిశీలన, అభ్యంతరాలు, జవాబులు. ఏళ్లు పట్టవచ్చు. రాకపోనూ వచ్చు. ఏ మాటనూ తీపి చేసి చెప్పలేదు.

"సోమవారం పొద్దుటికి మా సార్ ఒకసారి చూసి పంపిస్తడు. అప్పటిదాక దీన్ని యూనిట్‌కు తీస్కపోకున్రి. ఒక్కరికి కూడ చూపియ్యకున్రి."

మహేశ్వరి సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. చదును వేలి మీద పెన్ను నిలవలేదు. రెండోసారి పట్టుకుని నెమ్మదిగా పూర్తిచేసింది.

తిరుగు రైల్లో కుమారస్వామి సంచిని సీటు కింద కాకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. నడుము లాగుతోంది. "కింద పెట్టు," అంది మహేశ్వరి. పెట్టలేదు. ధారూర్‌లో ఎక్కిన ఒకతను ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటుంటే, ఫోటో తీస్తున్నాడేమోనని సంచి మూతిని చేత్తో మూశాడు.

ఆదివారం పట్కారు మంచం కింద ఉంది, పైన దుప్పటి. బామ్మర్దికి ఫోన్ చేసి, దసరా ఫోటో ఎవరికైనా పంపావా అని అడిగాడు. ఎవరికీ పంపలేదన్నాడు అతను, ఎందుకని అడిగాడు. ఊరికే అన్నాడు. నాలుక లేదని తెలిసినా ఆ ఫోటోను మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూశాడు. చేతుల కొసల్లో ఎక్కడైనా నల్లటి గీత కనిపిస్తుందేమోనని.

సోమవారం యూనిట్లో చైన్ పుల్లీ ఖాళీగా వేలాడింది. పట్కారు రాకముందులాగే ఆడవాళ్లు ఇద్దరిద్దరు కలిసి బండలు ఎత్తారు.

"ఏమే, మీ ఆయన పట్కారు అలిగి పోయిందా?" అని అడిగింది జంగమ్మ.

"జర పానం బాగలేదట. వస్తది."

"దానికి పానం బాగలేకుంటె సెలవు. మనకేమో లేదు."

కుమారస్వామి మిషన్‌కు గ్రీజు పెడుతూ అటే చూస్తున్నాడు. మహేశ్వరి గోనె ముక్కతో బండ అంచు తుడుస్తుంది. జంగమ్మ అటు తుడుస్తుంది. ఇద్దరూ వంగుతారు. మహేశ్వరి నడిమి వేలు బండకు తగలకుండా బయటికి చాచి పెడుతుంది. బండ లేచి స్టాండుకు ఆనేదాకా అతనికి ఊపిరాడదు. మళ్లీ ఇంకో బండ. ఫోన్ చొక్కా జేబులో ఉంది. పది అయింది, పన్నెండు అయింది. రెండుసార్లు మోగింది. ఒకటి సిమ్ కంపెనీ వాళ్లది, ఒకటి తండ్రి బీరప్ప మందులు తెమ్మని. నిరోషాకు తనే చేద్దామనుకుని, తొందరపెడితే తప్పు జరుగుతుందేమోనని ఆగాడు. వాళ్ల సారుకు ఇంకెక్కడో ఇలాంటిదే దొరికిందేమో. అందుకే ఆలస్యమేమో.

మూడు దాటాక మెసేజ్ వచ్చింది. ఒక పెద్ద నంబరు, తారీకు. కింద ఫారం ఫోటో. చేతులు తుడుచుకుని, గడి దొరికేదాకా వెతికాడు. మొదటి వరుసలో మహేశ్వరి పేరు, రెండో వరుసలో తన పేరు.

అతను కడిగే చోటికి వెళ్లాడు. మోటారు చప్పుడులో దగ్గరగా నిలబడి చెప్పాల్సి వచ్చింది.

"నంబరు వచ్చింది."

"ఊ." ఆమె బండ తుడుస్తోంది.

"నీ పేరు మీద ఉన్నది. నాది కింద."

ఫోన్ చూపించాడు. ఆమె చేతులు బురదలో ఉన్నాయి. మెడ మాత్రం చాచి చూసింది. తన పేరు దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది.

"అయితె ఇచ్చినట్టేనా ఇగ?"

"లేదు. అడిగినట్టు. ఇస్తరో ఇయ్యరో ఏండ్లకు గాని తెల్వదట."

"దాన్ని దాచేది మాత్రం అయిపోయింది గద?"

"అయిపోయింది."

"అయితె ఇంటికి పోయి దాన్ని పట్కరా," అంది మహేశ్వరి. గోనె ముక్కను నీళ్లలో జాడించి పిండింది. "ఇంక నలభై బండలున్నయ్."

కుమారస్వామి ఫోన్ జేబులో పెట్టుకుని, బండి తాళం కోసం తడుముకుంటూ గేటు వైపు నడిచాడు. వెనక ఆడవాళ్లిద్దరూ బండకు వంగిన చప్పుడు విని ఆగాడు. అది స్టాండుకు ఆనిన చప్పుడు వినిపించాక మళ్లీ కదిలాడు.